మొక్కల చక్కెర నుంచి బయోప్లాస్టిక్: 2 లీటర్ల ఫెర్మెంటర్‌లో పీహెచ్‌బీ తయారీ

బ్యాక్టీరియాకు చక్కెర పెడితే ప్లాస్టిక్ వస్తుందని చదివినవాళ్లు చాలామంది ఉన్నారు. చేసి చూసినవాళ్లకు మాత్రం తరచూ ఎదురయ్యే సమస్య ఒకటే: కణాలు బాగా పెరిగాయి, వాటిలో ప్లాస్టిక్ లేదు. కారణం చాలావరకు నత్రజని లెక్క తప్పడమే. అందుకే ఇక్కడ ఆ లెక్కకే ఎక్కువ చోటిచ్చాం.

తయారయ్యేది పాలీహైడ్రాక్సీబ్యుటిరేట్, క్లుప్తంగా పీహెచ్‌బీ. మనం కొవ్వు దాచుకున్నట్టే బ్యాక్టీరియా దీన్ని తన కణంలో గుళికలుగా దాచుకుంటుంది. తిండి పుష్కలంగా ఉండి, పెరగడానికి కావలసిన మరో పోషకం అయిపోయినప్పుడే ఈ నిల్వ మొదలవుతుంది. కాబట్టి పని రెండు దశలు: ముందు కణాలను పెంచాలి (పెరిగే దశ), తర్వాత నత్రజని ఆపి చక్కెర మాత్రం పెడుతూ ఉండాలి (నిల్వ దశ).

కింది కొలతలు లోపలి ద్రవం 2 లీటర్లు ఉండే 3 లీటర్ల గాజు ఫెర్మెంటర్‌కు (గాలి, వేడి, పీహెచ్ అదుపు చేస్తూ బ్యాక్టీరియాను పెంచే పాత్రకు) సరిపోతాయి. ఇది ప్రయోగశాలలో చేసే పని, వంటింట్లో చేసేది కాదు. ద్రావణితో తీసే దశకు ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే గూడు) తప్పనిసరి.

1. ముందు బ్యాక్టీరియా, ఆ తర్వాతే చక్కెర

ఎక్కువమంది వాడేది క్యుప్రియావిడస్ నెకేటర్. పాత పరిశోధన పత్రాల్లో ఇదే రాల్‌స్టోనియా యూట్రోఫా, ఆల్కలీజినిస్ యూట్రోఫస్ అనే పేర్లతో కనిపిస్తుంది. ఇది రోగకారకం కాదు, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర హాయిగా పెరుగుతుంది.

మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. హెచ్16 అనే సహజ రకం ఫ్రక్టోజ్ తింటుంది గానీ గ్లూకోజ్ ముట్టదు. గ్లూకోజ్ తినాలంటే ఎన్‌సీఐఎంబీ 11599 వంటి మార్పు చెందిన రకం కావాలి. మామూలు పంచదార, అంటే సుక్రోజ్, ఈ రెండింటికీ పనికిరాదు. సుక్రోజ్‌నే నేరుగా పెట్టాలనుకుంటే పారాబర్ఖోల్డేరియా సక్కరై ఎంచుకోండి. అది గ్లూకోజ్, సుక్రోజ్‌లతో పాటు జైలోజ్ కూడా తింటుంది, కాబట్టి పిప్పి, గడ్డి వంటి వాటి నుంచి తీసిన చక్కెరకు అనువైనది.

ఈ మార్గదర్శి గ్లూకోజ్ తినే నెకేటర్ రకాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది.

2. చక్కెర ద్రావణం సిద్ధం చేయడం

మొదటి రెండు మూడు బ్యాచ్‌లు శుద్ధమైన గ్లూకోజ్‌తోనే చేయండి. మొలాసిస్‌తో (చక్కెర మిల్లులో మిగిలే చిక్కటి నల్లటి పాకంతో) మొదలుపెడితే ఏది చెడిందో తెలియదు. పద్ధతి చేతికి వచ్చాక మిగతా వనరుల జోలికి వెళ్లవచ్చు.

పంచదార: ఇన్వర్టేజ్ ఎంజైమ్‌తో పీహెచ్ 4.5, 50 నుంచి 55 డిగ్రీల దగ్గర విడగొడితే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ సమపాళ్లలో వస్తాయి. 342 గ్రాముల సుక్రోజ్ నుంచి ఆ రెండూ కలిపి 360 గ్రాములు వస్తాయి. హెచ్16 వాడితే ఇందులో సగమే ఖర్చవుతుంది, గ్లూకోజ్ అంతా మిగిలిపోతుంది.

పిండిపదార్థం: ముందు ఆల్ఫా అమైలేజ్‌తో 85 నుంచి 95 డిగ్రీల దగ్గర పలుచబరచాలి. తర్వాత పీహెచ్ 4.5కు దించి, 60 డిగ్రీల దగ్గర గ్లూకోఅమైలేజ్‌తో ఒక రోజు ఉంచాలి. అయోడిన్ చుక్క వేస్తే నీలం రంగు రాకూడదు.

మొలాసిస్: నాలుగింతల నీటితో పలుచన చేసి, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 3 నుంచి 4 మధ్యకు తెచ్చి, 90 డిగ్రీల దగ్గర గంటసేపు వేడిచేసి, అడుగున చేరిన మడ్డిని సెంట్రిఫ్యూజ్‌లో వేరుచేయండి. ఆపై పీహెచ్ 6.8కు సరిచేయండి. ఇందులో ఉండేది ప్రధానంగా సుక్రోజ్, కాబట్టి పైన చెప్పిన ఇన్వర్టేజ్ దశ దీనికీ కావాలి. మొలాసిస్‌లో నత్రజని కూడా ఉంటుంది. ముందే కొలిపించి అమ్మోనియం సల్ఫేట్‌లో అంత తగ్గించకపోతే, నత్రజని ఎప్పటికీ అయిపోదు.

పిప్పి, గడ్డి: ఆమ్లంతో ఉడికించినప్పుడు ఫర్‌ఫ్యురాల్, హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యురాల్, అసిటిక్ ఆమ్లం, ఫీనాల్ పదార్థాలు పుడతాయి. ఇవి కణాల పెరుగుదలను ఆపేస్తాయి. సున్నంతో పీహెచ్ 10కి పెంచి వడకట్టడం, యాక్టివేటెడ్ కార్బన్‌తో కలియబెట్టడం మామూలు చికిత్సలు. ముదురు గోధుమ రంగు పోయి లేత పసుపుకు వస్తే ఫీనాల్ పదార్థాలు చాలా భాగం పోయినట్టే.

3. నత్రజని లెక్క: కాగితం మీద ముందే చేయాల్సిన పని

పీహెచ్‌బీ తీసేస్తే మిగిలే కణపదార్థంలో నత్రజని సుమారు 12 శాతం. అమ్మోనియం సల్ఫేట్‌లో నత్రజని 21.2 శాతం. ఈ రెండు అంకెలు చాలు.

లీటరుకు 4 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ వేస్తే 0.85 గ్రాముల నత్రజని ఉన్నట్టు. దాంతో సుమారు 7 గ్రాముల కణపదార్థం పెరుగుతుంది, అంతకు మించదు. ఎండు కణాల బరువులో 65 శాతం పీహెచ్‌బీ కావాలంటే ఆ 7 గ్రాములు 35 శాతం అన్నమాట. మొత్తం 20 గ్రాములు, అందులో పీహెచ్‌బీ 13.

ఇప్పుడు చక్కెర. సిద్ధాంత ప్రకారం గ్రాము గ్లూకోజ్‌కు 0.48 గ్రాముల పీహెచ్‌బీ రావాలి. కణం బతకడానికీ కొంత కాల్చుకుంటుంది గనక 0.35 అని లెక్కేసుకోండి. 13 గ్రాముల పీహెచ్‌బీకి 37 గ్రాములు, 7 గ్రాముల కణపదార్థానికి మరో 16 గ్రాములు. లీటరుకు 53 గ్రాములు, 2 లీటర్లకు 106, కాస్త ఎక్కువే ఉండేలా 110 అనుకోండి.

అంత చక్కెర ఒకేసారి పోస్తే గాఢత ఎక్కువై పెరుగుదల మందగిస్తుంది. 40 గ్రాములతో మొదలుపెట్టి, మిగతా 70 గ్రాములు తర్వాత విడతలుగా ఇవ్వాలి. ఎక్కువ కణాలు కావాలనే ఆశతో అమ్మోనియం సల్ఫేట్ రెట్టింపు చేయకండి. 14 గ్రాముల కణపదార్థానికి సరిపడా ఆక్సిజన్ అందించడం చిన్న ఫెర్మెంటర్‌కు కష్టం.

4. మాధ్యమం (బ్యాక్టీరియా పెరిగే పోషక ద్రవం)

తుది 2 లీటర్లకు తూచాల్సినవి:

– నిర్జల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్: 7.2 గ్రా.
– పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్: 3 గ్రా.
– అమ్మోనియం సల్ఫేట్: 8 గ్రా.
– సిట్రిక్ ఆమ్లం: 0.4 గ్రా.
– మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్: 2 గ్రా.
– సూక్ష్మ మూలకాల ద్రావణం: 6 మి.లీ.
– గ్లూకోజ్: మొదట 40 గ్రా.

సూక్ష్మ మూలకాల ద్రావణం లీటరుకు: 35 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ., ఫెర్రస్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 10 గ్రా., జింక్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 2.25 గ్రా., కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 2 గ్రా., కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్ 1 గ్రా., మాంగనీస్ సల్ఫేట్ 0.5 గ్రా., బోరాక్స్ 0.23 గ్రా., అమ్మోనియం మాలిబ్డేట్ 0.1 గ్రా. ఆమ్లం ముందు నీటిలో పోసి, ఆ తర్వాతే లవణాలు కరిగించండి. లేకుంటే ఇనుము తుప్పు రంగు మడ్డిగా దిగిపోతుంది.

అన్నీ ఒకే సీసాలో వేసి ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిమిరహితం) చేయడం అందరూ చేసే తప్పు. చక్కెర, అమ్మోనియం కలిసి వేడెక్కితే గోధుమ రంగుకు తిరుగుతాయి. మెగ్నీషియం, ఫాస్ఫేట్, అమ్మోనియం కలిస్తే తెల్లటి మడ్డి కడుతుంది. అందుకే మూడుగా విడదీయండి:

– ఫాస్ఫేట్‌లు, అమ్మోనియం సల్ఫేట్, సిట్రిక్ ఆమ్లం 1.6 లీటర్ల నీటిలో, నేరుగా ఫెర్మెంటర్ పాత్రలో.
– గ్లూకోజ్ లీటరుకు 500 గ్రాముల గాఢతతో వేరుగా. ఇందులో 80 మి.లీ. మొదట, 140 మి.లీ. తర్వాతి విడతలకు. 30 మి.లీ. అదనంగా ఉంచుకోండి.
– మెగ్నీషియం సల్ఫేట్, సూక్ష్మ మూలకాలు 100 మి.లీ. నీటిలో.

121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు. చల్లారి 40 డిగ్రీల కిందికి వచ్చాకే కలపండి, ఆ వరుసలోనే. పీహెచ్ 6.8కు సరిచేయండి. సన్నటి మబ్బులా కనిపిస్తే ఫర్వాలేదు, అడుగున ముద్ద చేరితే మాత్రం పారబోసి మళ్లీ చేయండి.

5. విత్తనం పెంచడం

విత్తనం అంటే ఫెర్మెంటర్‌లో పోయడానికి ముందుగా పెంచుకునే బ్యాక్టీరియా ద్రవం. గ్లిసరాల్ స్టాక్ (గ్లిసరాల్‌లో గడ్డకట్టించి దాచిన బ్యాక్టీరియా) నుంచి కొంచెం తీసి న్యూట్రియెంట్ అగార్ పళ్లెం మీద గీతలుగా పూయండి. 30 డిగ్రీల దగ్గర 48 గంటలు. నెకేటర్ జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్‌ను సహజంగానే తట్టుకుంటుంది. మి.లీ.కు 10 మైక్రోగ్రాములు వేస్తే పళ్లెం మీద బయటి సూక్ష్మజీవులు చాలావరకు రావు.

ఒక్క కాలనీ (పళ్లెం మీద చుక్కలా కనిపించే కణాల గుంపు) తీసి 250 మి.లీ. ఫ్లాస్క్‌లో 50 మి.లీ. న్యూట్రియెంట్ బ్రాత్‌లో వేయండి. 200 ఆర్‌పీఎం, ఒక రోజు. అందులోంచి 10 మి.లీ. తీసి, ఒక లీటర్ ఫ్లాస్క్‌లో 200 మి.లీ. పై మాధ్యమానికి చేర్చండి. దీనికి మాత్రం గ్లూకోజ్ లీటరుకు 10 గ్రాములు, అమ్మోనియం సల్ఫేట్ 1 గ్రాము చాలు. ఈ రెండో ఫ్లాస్క్ తప్పించి బ్రాత్ నుంచి నేరుగా ఫెర్మెంటర్‌లోకి పోస్తే, కణాలు కొత్త తిండికి అలవాటుపడటానికి గంటల తరబడి కదలకుండా కూర్చుంటాయి. పైగా బ్రాత్‌లోని నత్రజని మన లెక్కలోకి దూరుతుంది.

ఫ్లాస్క్‌లో ద్రవం ఐదో వంతుకు మించకూడదు. మించితే గాలి అందదు.

6. ఫెర్మెంటర్ మొదలుపెట్టే ముందు సరిచూసుకోవాల్సినవి

– పీహెచ్ ప్రోబ్ 4, 7 బఫర్లతో సరిచేశాం.
– ఆక్సిజన్ ప్రోబ్ నత్రజని వాయువుతో సున్నాకు, గాలితో 100కు పెట్టాం (ఆటోక్లేవ్ తర్వాత మళ్లీ).
– క్షారం సీసాలో 2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఉంది, సీసా బరువు రాసుకున్నాం.
– బయటికి పోయే గాలి కండెన్సర్ చల్లగా ఉంది, ఫిల్టర్ పొడిగా ఉంది.
– 3 గంటలు ఖాళీగా తిప్పి చూశాం, ఆక్సిజన్ పడిపోలేదు, ద్రవం మసకబారలేదు.

క్షారంగా అమ్మోనియా వాడకండి. పీహెచ్ సరిచేసిన ప్రతిసారీ నత్రజని పోసినట్టే, నిల్వ దశ ఎప్పటికీ మొదలవదు. పరిశ్రమల్లో పెరిగే దశకు అమ్మోనియా పెట్టి తర్వాత మారుస్తారు. 2 లీటర్లకు ఆ తంటా అక్కరలేదు.

7. పెరిగే దశ

200 మి.లీ. విత్తనం పోయండి. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, పీహెచ్ 6.8, గాలి నిమిషానికి 2 లీటర్లు. తిప్పుడు వేగం 300 ఆర్‌పీఎంతో మొదలుపెట్టి, కరిగిన ఆక్సిజన్ 30 శాతం కిందికి రాకుండా 800 దాకా పెంచుకుంటూ పోండి.

ప్రతి 3 గంటలకు నమూనా. 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (ద్రవం ఎంత మసకగా ఉందో చెప్పే కొలత), గ్లూకోజ్, అమ్మోనియం కొలవండి. ఓడీ కొలిచేముందు రీడింగ్ 0.4 లోపుకు వచ్చేలా పలుచన చేయండి.

నురుగు వస్తే యాంటీఫోమ్ చుక్కలుగా, పలుచన చేసి వేయండి. ఒక్కసారిగా కుమ్మరిస్తే గాలి బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి, ఆక్సిజన్ కరగడం తగ్గుతుంది. నురుగు అణిగిందని సంతోషించేలోపు ఆక్సిజన్ సున్నాకు చేరుతుంది.

8. నత్రజని అయిపోయిందని తెలిసేది ఎలా

ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే సగం పని అయినట్టే. కణం అమ్మోనియంను తీసుకున్నప్పుడల్లా ఆమ్లం విడుదలవుతుంది, పంపు క్షారం పోస్తుంది. నత్రజని అయిపోగానే క్షారం పంపు దాదాపు ఆగిపోతుంది.

లెక్క కూడా కలుస్తుంది. 8 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్‌లో ఉన్న అమ్మోనియంకు సుమారు 60 మి.లీ. 2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ సరిపోతుంది. మామూలుగా విత్తనం పోసిన 16 నుంచి 24 గంటల మధ్య ఈ మలుపు వస్తుంది. అమ్మోనియం టెస్ట్ స్ట్రిప్‌తో రూఢి చేసుకోండి.

100 మి.లీ. దాటినా పంపు ఆగకపోతే రెండే అనుమానాలు: లెక్కలోకి రాని నత్రజని ఎక్కడో ఉంది, లేదా ఆమ్లం తయారుచేసే బయటి బ్యాక్టీరియా చేరింది. వెంటనే మైక్రోస్కోప్ కింద చూడండి.

9. నిల్వ దశ

ఇక్కడి నుంచి పని చక్కెర చూసుకోవడమే. గ్లూకోజ్ లీటరుకు 10 గ్రాములకు దిగిన ప్రతిసారీ 40 మి.లీ. చక్కెర ద్రావణం పంపండి. దాంతో లీటరుకు మరో 10 గ్రాములు పెరుగుతుంది. చివరి విడత 20 మి.లీ.

కరిగిన ఆక్సిజన్ ఉన్నట్టుండి పైకి దూకితే చక్కెర అయిపోయిందని అర్థం. ఆలస్యం చేయకండి. ఆకలైన కణం తాను దాచుకున్న పీహెచ్‌బీనే కరిగించుకుని తింటుంది. రాత్రంతా వదిలేసి పొద్దున వచ్చి చూస్తే పీహెచ్‌బీ శాతం తగ్గి ఉండేది ఇలాగే.

ఈ దశలో ఓడీని నమ్మకండి. గుళికలు కూడా కాంతిని చెదరగొడతాయి గనక కణాల సంఖ్య పెరగకపోయినా ఓడీ పెరుగుతూనే ఉంటుంది. ఎండు బరువే ప్రమాణం: 5 మి.లీ. నమూనా ముందే తూచిన గొట్టంలో సెంట్రిఫ్యూజ్ చేసి, నీటితో కడిగి, బరువు నిలకడగా వచ్చేదాకా 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచండి.

లోపల ప్లాస్టిక్ ఉందో లేదో కళ్లతో చూడాలంటే నైల్ రెడ్ రంగు వేసి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ కింద పెట్టండి, గుళికలు మెరుస్తాయి. సుడాన్ బ్లాక్ అయితే మామూలు మైక్రోస్కోప్ చాలు, నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి.

శాతం కావాలంటే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడిచేసి, క్రోటోనిక్ ఆమ్లంగా మార్చి 235 నానోమీటర్ల దగ్గర కొలవాలి. క్వార్ట్జ్ క్యువెట్ (కొలతకు నమూనా పోసే చిన్న పాత్ర) తప్పనిసరి. మామూలు గాజు, ప్లాస్టిక్ క్యువెట్లు ఆ తరంగదైర్ఘ్యాన్ని అడ్డుకుంటాయి. కడగని కణాల్లోని ఇతర పదార్థాలు కూడా అక్కడే శోషిస్తాయి గనక ఈ పద్ధతి అంకెను కాస్త ఎక్కువ చేసి చూపుతుంది. గ్యాస్ క్రోమటోగ్రఫీ అందుబాటులో ఉంటే దాన్నే నమ్మండి.

వరుసగా రెండు నమూనాల్లో, 4 గంటల తేడాతో, ఎండు బరువు పెరగకపోతే ఆపేయవచ్చు. మొత్తం 45 నుంచి 55 గంటలు పడుతుంది.

10. కణాలను వేరుచేసి సేకరించడం

ఆపిన వెంటనే 80 డిగ్రీలకు వేడిచేసి 15 నిమిషాలు ఉంచండి. పీహెచ్‌బీని కరిగించే ఎంజైములు అక్కడితో చస్తాయి. చల్లార్చి 8,000 జీ (గురుత్వాకర్షణకు 8,000 రెట్లు) వద్ద 20 నిమిషాలు సెంట్రిఫ్యూజ్. నీటితో రెండుసార్లు కడగండి. 60 డిగ్రీల దగ్గర లేదా ఫ్రీజ్ డ్రైయర్‌లో ఆరబెట్టండి. ఓవెన్‌లో ఆరినది గట్టి పెంకులా అవుతుంది, మెత్తగా నూరాలి.

2 లీటర్ల నుంచి సుమారు 40 గ్రాముల ఎండు కణాలు రావాలి.

11. ప్లాస్టిక్‌ను బయటికి తీయడం

ముందు ఎండు కణాలను మిథనాల్‌లో ఒక రాత్రి నానబెట్టి వడకట్టండి. కొవ్వులు, రంగులు పోతాయి. ఈ దశ దాటేస్తే చివర్లో వచ్చే ప్లాస్టిక్ పసుపుగా, వాసనగా ఉంటుంది.

తర్వాత గ్రాము కణాలకు 25 మి.లీ. లెక్కన క్లోరోఫామ్ పోసి, కండెన్సర్ పెట్టి 60 డిగ్రీల దగ్గర 4 గంటలు కలియబెట్టండి. క్లోరోఫామ్ తగ్గించి ఆదా చేద్దామనుకుంటే ద్రావణం తేనెలా చిక్కబడి ఫిల్టర్‌లోంచి దిగదు. వేడిగా ఉండగానే వడకట్టండి. వచ్చిన ద్రావణాన్ని ఐదింతల చల్లటి మిథనాల్‌లోకి సన్నటి ధారగా, గట్టిగా కలుపుతూ పోయండి. తెల్లటి దూదిలాంటి పీచు ఏర్పడుతుంది. వడకట్టి ఆరబెట్టండి. నష్టాలు పోను 22 గ్రాములు చేతికొస్తే మంచి బ్యాచ్.

క్లోరోఫామ్ వద్దనుకుంటే డైమిథైల్ కార్బొనేట్‌తో 90 డిగ్రీల దగ్గర తీయవచ్చు. విషం తక్కువ, కానీ సులభంగా మండుతుంది.

సోడియం హైపోక్లోరైట్‌తో కణాలను కరిగించి ప్లాస్టిక్‌ను మిగిల్చే పద్ధతి చవక, త్వరిత. అయితే అది పాలిమర్ గొలుసులనూ (ప్లాస్టిక్‌కు బలమిచ్చే పొడవాటి అణువులను) తెంపుతుంది. గట్టి వస్తువు చేయాలంటే ఇది సరైన దారి కాదు.

భద్రత విషయంలో మూడు నియమాలు:

– క్లోరోఫామ్ వ్యర్థాల సీసాలో అసిటోన్ గానీ క్షారం గానీ ఎన్నడూ పోయకండి, పేలవచ్చు.
– హైపోక్లోరైట్‌కు ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు, అమ్మోనియం తగిలితే క్లోరమైన్. కణాలను బాగా కడిగాకే వాడండి.
– మిగిలిన ద్రవాన్ని, వాడిన పళ్లాలను 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేశాకే పారేయండి. ద్రావణి తగిలిన వాటిని మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకండి.

12. పొర, అచ్చు

పొర కోసం 2 శాతం క్లోరోఫామ్ ద్రావణం 20 మి.లీ. తీసుకుని 9 సెం.మీ. గాజు పెట్రీ పళ్లెంలో పోయండి. వదులుగా మూతపెట్టి ఫ్యూమ్ హుడ్‌లో ఒకటి రెండు రోజులు ఉంచితే సుమారు 50 మైక్రాన్ల పొర వస్తుంది. ప్లాస్టిక్ పళ్లెం వాడితే పళ్లెమే కరిగి పొరలో కలుస్తుంది. మూత లేకుండా గబగబా ఆరితే పొర నిండా బుడగలు, చిల్లులు.

వేడితో అచ్చు పోయడానికి ముందు పీచును 80 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో కనీసం 4 గంటలు ఆరబెట్టండి. పీహెచ్‌బీ 175 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది, 190 దాటితే గొలుసులు తెగడం మొదలవుతుంది. మధ్యలో దొరికే సందు చాలా ఇరుకు. హాట్ ప్రెస్ 180 దగ్గర, 2 నిమిషాలకు మించకుండా. అచ్చును మంచునీటిలో ముంచకండి. 60 డిగ్రీల దగ్గర ఉంచితే స్ఫటికాలు త్వరగా, సమంగా కడతాయి.

శుద్ధ పీహెచ్‌బీ పెళుసు. చేసిన రోజు వంగిన పొర వారం తర్వాత విరుగుతుంది, ఎందుకంటే గది ఉష్ణోగ్రతలోనూ స్ఫటికీకరణ సాగుతూనే ఉంటుంది. ట్రైఇథైల్ సిట్రేట్ అనే మెత్తబరిచే పదార్థం 10 నుంచి 20 శాతం కలపడం ఒక ఉపాయం. అంతకంటే మంచిది నిల్వ దశలోనే ప్రొపియోనిక్ ఆమ్లం పెట్టి వాలరేట్ కలిసిన పీహెచ్‌బీవీ తయారుచేయించడం. ఆ ఆమ్లం కణాలకు విషం కూడా. తటస్థం చేసి, లీటరుకు 1 గ్రాము దాటకుండా కొంచెం కొంచెంగా ఇవ్వాలి.

13. చెడినప్పుడు ఎక్కడ చూడాలి

12 గంటలైనా పెరుగుదల లేదు: తప్పు రకం బ్యాక్టీరియా, ముసలి విత్తనం, లేదా సూక్ష్మ మూలకాలు వేయడం మరవడం. చివరిది మనం అనుకునే దానికంటే మామూలు.

క్షారం ఆగింది, అమ్మోనియం మాత్రం ఇంకా ఉంది: నత్రజని కంటే ముందే చక్కెర, మెగ్నీషియం లేదా ఆక్సిజన్ తరిగింది. ఆక్సిజన్ 80 శాతం పైన ఉంటే చక్కెర చూడండి. చక్కెర ఉంటే 0.5 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ వేసి గంట ఆగండి. ఆక్సిజన్ సున్నా దగ్గర ఉంటే వేగం, గాలి పెంచండి.

ఎండు బరువు లీటరుకు 20 గ్రాములు దాటింది, పీహెచ్‌బీ 30 శాతం లోపే: నత్రజని అదనంగా అందింది. విత్తనంలోని బ్రాత్, మొలాసిస్, క్షారం సీసాలో అమ్మోనియా, ఈ వరుసలో వెతకండి.

మైక్రోస్కోప్‌లో గొలుసులు, బీజాలు, గుండ్రటి పెద్ద కణాలు: బాసిలస్ లేదా ఈస్ట్ చేరింది. బ్యాచ్‌ను కాపాడే ప్రయత్నం వృథా. ఆటోక్లేవ్ చేసి పారబోయండి, గొట్టాల కీళ్లు, నమూనా తీసే కవాటం విప్పి చూడండి.

పీచుకు బదులు జిగట ముద్ద వచ్చింది: మిథనాల్ చాలలేదు, లేదా చల్లగా లేదు. ముద్దను మళ్లీ క్లోరోఫామ్‌లో కరిగించి, ఈసారి ఎనిమిదింతల చల్లటి మిథనాల్‌లో పోయండి.

అచ్చు గోధుమ రంగుకు తిరిగి, ఘాటు వాసన వచ్చింది: వేడి ఎక్కువైంది. ఆ వాసన క్రోటోనిక్ ఆమ్లానిది. గొలుసులు తెగిపోయిన ఆ ముక్కను మళ్లీ కరిగించి పోసినా బలం రాదు.